రోటరీ ఇంజిన్ విప్పి బిగిద్దాం – 5వ పాఠం: పోర్టును బట్టి సీలు

పోయిన పాఠంలో పోర్టింగ్ పని, అంటే ఇంజిన్‌లోకి గాలి-పెట్రోలు వచ్చే కంతలను (పోర్టులను) కోసే పని పూర్తిచేశాం. ఇప్పుడు మీ బల్ల మీద కడిగి ఆరబెట్టిన రెండు రోటార్లు (పిస్టన్లకు బదులు తిరిగే త్రికోణపు దిమ్మలు), కొత్తగా కోసిన పోర్టులతో సైడ్ ప్లేట్లు ఉన్నాయి. చాలామంది ఇంతదాకా రాకముందే సీళ్ళ కిట్టు, అంటే రోటార్ అంచుల్లో గ్యాసు జారకుండా ఆపే పట్టీల సెట్టు ఆర్డర్ చేసేస్తారు. దయచేసి ఆగండి. ఏ సీలు కావాలో తేల్చేది మీరు కోసిన పోర్టే. ఆ కంత మీదుగా ఏ సీలు ఎలా నడుస్తుందో ముందు చూద్దాం, కొనడం తర్వాత.

మన చేతిలో ఉన్నది మాజ్దా 13బి. ఒక్కో రోటార్‌కు కొనల్లో 3 అపెక్స్ సీళ్ళు, రెండు పక్కలా కలిపి మూలల్లో 6 కార్నర్ సీళ్ళు, అంచుల వెంట 6 సైడ్ సీళ్ళు. రెండు రోటార్లకు దీనికి రెట్టింపు. ఈ మూడు రకాలూ ఒకదానికొకటి ఆనుకునే మూలల్లోనే గ్యాసు ఎక్కువగా జారిపోతుంది. అందుకే ఈ పాఠంలో ఆ మూలల గురించే ఎక్కువ చెబుతాను.

స్ట్రీట్ పోర్టు (ఉన్న కంతనే పెద్దది చేసింది) అయితే పాత ప్లేటు మీద మెరుస్తున్న దారులు గమనించండి. లోపలివైపు ఆయిల్ రింగు దారి, బయటివైపు కార్నర్ సీలు దారి. మీ పోర్టు ఈ రెంటి మధ్యే ఉండాలి. లోపలికి జరిగితే ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, బయటికి జరిగితే కార్నర్ సీలుకు కింద ఆధారం ఉండదు. ఇక పోర్టు మూసుకునే అంచు. సైడ్ సీలు కొబ్బరి ఈనెలా సన్నగా ఉంటుంది. అది పొడవునా ఒక్కసారే ఆ అంచు మీదికి ఎక్కితే కత్తెర నోట్లో పెట్టినట్టే. ఒక చివర ముందు, మిగతాది వెనకాల ఎక్కేలా అంచుకు వాలు ఉండాలి, అంచును ఏటవాలుగా రుద్ది ఉండాలి. వేలిగోరు అడ్డంగా లాగి చూడండి. గోరు అంచుకు చిక్కుకుంటే సీలూ చిక్కుకుంటుంది.

బ్రిడ్జ్ పోర్టు కథ వేరు. కార్నర్ సీలు నడిచే సన్నని వంతెనను వదిలి, దాని అవతల కనుబొమలాంటి ఇంకో కంత కోస్తాం. ఆ కంత మీదుగా వెళ్ళేది అపెక్స్ సీలు చివర. రెండు మూడు ముక్కల సీళ్ళలో చివరి చిన్న త్రికోణపు ముక్క స్ప్రింగు ఒత్తిడికి కంతలోకి దిగి చిక్కుకునే ప్రమాదం ఉంది. అందుకే బ్రిడ్జ్ పోర్టుకు నేను ఒకే ముక్క సీలు వేస్తాను. చల్లగా స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెషన్ కాస్త తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. కార్నర్ సీళ్ళలో మధ్య రబ్బరు బిళ్ళ ఉన్నవి కాకుండా పూర్తి లోహపువి తీసుకోండి. ఇంకో సంగతి: 1986 నుంచి వచ్చిన ఇంజిన్లలో నీటి సీలు గాడి సైడ్ ప్లేటులోనే ఉంటుంది, అంతకుముందు రోటార్ హౌసింగులో (రోటార్ చుట్టూ ఉండే గోడ భాగంలో) ఉండేది. కొత్త ప్లేటులో కనుబొమ ఎక్కువ కోస్తే గాడి గోడే పోతుంది, నీళ్ళు లోపలికొస్తాయి.

పెరిఫెరల్ పోర్టులో కంత హౌసింగు గోడలోనే ఉంటుంది, సైడ్ ప్లేటు కంతలు పూడ్చేస్తాం కాబట్టి సైడ్, కార్నర్ సీళ్ళకు బెడద లేదు. భారమంతా అపెక్స్ సీలు మీదే.

ఇక ఆ సీలు దేనితో చేసింది కావాలి? కంపెనీ సీలు పోత ఇనుము. హౌసింగు లోపలి క్రోమ్‌ను బాగా కాపాడుతుంది, కానీ డెటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) వస్తే విరుగుతుంది. విరిగిన ముక్క ఎగ్జాస్ట్ దారిన పోయి టర్బో రెక్కల్ని తింటుంది. స్టీలు మిశ్రమ సీలు విరగడానికి బదులు వంగుతుంది, అయితే క్రోమ్ త్వరగా అరిగే అవకాశం ఉంది. సిరామిక్ తేలిక, అరుగుదల తక్కువ, ధర చాలా ఎక్కువ. 1991లో లె మాన్స్ 24 గంటల కార్ల పోటీ గెలిచిన మాజ్దా 787బి పెరిఫెరల్ పోర్టు ఇంజిన్‌లో సిరామిక్ సీళ్ళే ఉన్నాయి. అసలు మాజ్దా ఇంజినీర్లను మొదట్లో ఏడిపించింది కూడా ఈ అపెక్స్ సీలే. హౌసింగు లోపల అలలు అలలుగా పడ్డ గీతలకు వాళ్ళు ‘దయ్యపు గోళ్ళ గాట్లు’ అని పేరు పెట్టుకున్నారు. 1967 కాస్మో స్పోర్ట్ కారుకు అల్యూమినియం కలిపిన కార్బన్ సీళ్ళతో గట్టెక్కారు. సీలునూ అది రాసుకునే గోడనూ జతగా చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. టర్బో లేని స్ట్రీట్ పోర్టుకు నా ఓటు కంపెనీ ఇనుముకే.

1986 నుంచి వచ్చిన 13బికి సీలు మందం 2 మి.మీ., పాతవాటికి 3. రెండు మి.మీ. సీలు ఎత్తు కొత్తలో 8.0, అరిగి 6.5కు వస్తే పనికిరాదు. రోటార్ గాడిలో సీలు పక్క ఖాళీ 0.15 మి.మీ. దాటితే రోటార్ మార్చాలి, లేదా గాడిని 3 మి.మీ.కు కోయించాలి.

ఇప్పుడు చేతిపని, సైడ్ సీలు అమర్చడం. కార్నర్ సీళ్ళను వాటి గుంటల్లో పెట్టండి. సైడ్ సీలును గాడిలో ఉంచి ఒక చివరను కార్నర్ సీలుకు ఆనించి పట్టుకోండి. రెండో చివర దగ్గర ఫీలర్ గేజ్ (ఖాళీలు కొలిచే సన్న రేకుల సెట్టు) దూర్చండి. కంపెనీ కొలత 0.05 నుంచి 0.15 మి.మీ. దాకా, 0.40 దాటితే పారేయడమే. నేను 0.05 రేకు కాస్త పట్టుగా దూరి, 0.10 రేకు దూరకుండా చూసుకుంటాను. కొత్త సీలు పొడవెక్కువ ఉంటే ఒక్క చివరనే సన్న ఆకురాయితో రుద్దండి, రెండోదాన్ని ముట్టుకోవద్దు. ఆ చివర నిటారుగా ఉండదు, కార్నర్ సీలు గుండ్రానికి తగ్గట్టు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు పోకుండా రెండు మూడు సార్లు రుద్ది, తుడిచి, మళ్ళీ కొలవండి. ఒక్క సీలుకు నాకిప్పటికీ పావుగంట పడుతుంది.

నా మొదటి ఇంజిన్‌కు ముందే కోసి అమ్మే సీళ్ళు తెచ్చి, కొలవకుండా వేశాను. చల్లగా ఉన్నంతసేపూ బాగానే తిరిగింది. వేడెక్కాక ఒక రోటార్‌లో ఒక ముఖం కంప్రెషన్ పడిపోయింది. విప్పితే, వానకు ఉబ్బిన తలుపు గడపలో ఇరుక్కున్నట్టు ఒక సైడ్ సీలు రెండు కార్నర్ సీళ్ళ మధ్య బిగుసుకుని ఉంది. స్ప్రింగు దాన్ని పైకి నెట్టలేకపోయింది. ఒక సాయంత్రం పని తప్పించుకోబోతే నెల రోజులు కారు షెడ్డులోనే ఉండిపోయింది.

రుద్దిన సీలు ఆ గాడికి మాత్రమే సొంతం. రోటార్ నంబరు, ముందువైపో వెనకవైపో, ఏ ముఖమో కవరు మీద రాసి అందులో పెట్టండి. కార్నర్ సీళ్ళకూ వాటి స్ప్రింగులకూ నేను పాత గుంటపొంగనాల పెనం వాడతాను, ఒక్కో గుంటకు ఒక జత. చివరగా స్ప్రింగులతో సహా బిగించి వేలితో నొక్కి చూడండి. ప్రతి సైడ్ సీలూ లోపలికి మెత్తగా దిగి, వదలగానే దానంతటది లేవాలి, కనీసం అర మిల్లీమీటరు పైకి కనిపించాలి.

వచ్చే పాఠంలో ఆయిల్ రింగులు, నీటి సీళ్ళు. ఆ లోపు పన్నెండు సైడ్ సీళ్ళ ఖాళీలూ కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. పేర్చడం మొదలుపెట్టేముందు ఆ పేజీ మనకు కావాలి.