డబ్బాలో పెంచుకునే రోకలిబండ పురుగును చేతిలోకి తీసుకునే ముందు

మొదట అది రోకలిబండేనా, జెర్రా అని చూసుకోండి. రోకలిబండ ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లుంటాయి, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది. జెర్రి బల్లపరుపుగా, కణుపుకు ఒకే జత కాళ్లతో సర్రున పరుగెడుతుంది, కరుస్తుంది కూడా. అనుమానం ఉంటే ముట్టుకోవద్దు.

• చేతులు నీళ్లతో బాగా కడుక్కోండి. మన గుంటూరు ఇళ్లల్లో కారం అంటని చేయి అరుదు. శానిటైజర్, దోమల క్రీమ్ రాసిన చేత్తో అసలు తీయొద్దు.

• మట్టిలో దూరి కదలకుండా ఉంటే తవ్వకండి. కుబుసం విడుస్తూ ఉండొచ్చు, అప్పుడు ఒళ్లు చాలా మెత్తగా ఉంటుంది.

• పట్టి లాగొద్దు. అరచేయి దాని ముందు పెడితే అదే మెల్లగా ఎక్కుతుంది. నేల మీద కూర్చునే పట్టుకోండి, ఎత్తు నుంచి పడితే పెంకు పగలొచ్చు.

అన్నింటికన్నా నాకు భయం కళ్ల గురించే. బెదిరితే ఒంటి పక్కల నుంచి ఘాటైన ద్రవం వదులుతుంది. చర్మం మీద గోధుమరంగు మరక పడుతుంది, కొందరికి మండుతుంది. కంట్లో పడితే మాత్రం వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగి, కంటి డాక్టర్‌కు చూపించండి. చిన్నపిల్లల చేతికి ఇవ్వకపోవడమే మంచిది.

విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో డబ్బా నీడలో ఉండాలి, మట్టి తడి ఆరకూడదు. తిండికి వేసే ఎండుటాకులు మిర్చి చేల గట్ల నుంచి తేవొద్దు, పురుగుమందు ఉంటుంది.

తిరిగి డబ్బాలో వదిలాక చేతులు సబ్బుతో కడుక్కోండి.