ఎండలు ముదరకముందే మొక్కలకు నీళ్లు పోసే తీరు మార్చుకోవడం ఎలా?

శివరాత్రి దాటిందంటే హైదరాబాద్‌లో పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రిళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. మొక్కలకు నీళ్లు మెల్లగా పెంచాల్సిన రోజులివి. చలికాలంలోలాగే పోస్తుంటే ఉగాదికల్లా ఆకులు వాడిపోతాయి. భయపడి ఇప్పటినుంచే రెండు పూటలా పోస్తే వేర్లు కుళ్లుతాయి.

ముందు మట్టిని చూడండి. కుండీలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. నేలలో పెరిగే చెట్టు దగ్గర పొడవాటి ఇనుప చువ్వ గుచ్చితే తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది. మన దగ్గర చాలాచోట్ల ఎర్రమట్టి కింద కొద్ది లోతులోనే రాయి ఉంటుంది. ఖంగుమంటే కాస్త పక్కన గుచ్చండి.

ఇక అసలు పని. ఎప్పుడు పోసినా నిండుగానే పోయండి, మధ్యలో విడిచే రోజులు మాత్రం తగ్గించుకుంటూ రండి. రోజూ చెంబెడు చిలకరిస్తే పైమట్టే తడుస్తుంది, వేర్లూ పైపైనే పాకుతాయి. ఏప్రిల్ ఎండకు మొదట మాడేవి అవే. ఫిబ్రవరిలో 3 రోజులకోసారి పోసే కుండీకి మార్చిలో 2 రోజులకోసారి, మే వచ్చేసరికి దాదాపు రోజూ పోయాల్సి రావచ్చు. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారాలి. బోరునీళ్లు వాడేవాళ్లు ఇది అస్సలు మరవొద్దు, మట్టిలో పేరుకున్న ఉప్పు కొట్టుకుపోయేది అలాగే. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, కుండీలకు వాటిని రోజూ పోయకపోవడమే మంచిది. ఏసీ నుంచి కారే నీళ్లకు ఆ టెన్షన్ లేదు.

నిమ్మ, మామిడికి పాదు కొమ్మల నీడ పడే అంచు దాకా తవ్వండి. నీళ్లు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా ఆ చుట్టూనే ఉంటాయి. మామిడి పూత మీద ఉంటే ఆగి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మొదలుపెట్టండి. మల్లె మొగ్గ తొడిగే కాలం కాబట్టి దాన్ని ఎండనివ్వొద్దు. కాగితపుపూల చెట్టుకు మాత్రం పెంచకండి, మట్టి కాస్త ఆరితేనే విరగబూస్తుంది.

మొదళ్ల చుట్టూ 2, 3 అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. నీళ్లు పొద్దున్నే పోయండి. మధ్యాహ్నమైతే డాబా మీది పైపులో నీళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి.

మిట్టమధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడి బకెట్ ఎత్తకండి. చల్లబడ్డాక చాలా మొక్కలు వాటంతట అవే తేరుకుంటాయి. తెల్లారాక కూడా వాలే ఉంటే వేలుతో మట్టి చూడండి. పొడిగా ఉంటే వెంటనే నిండుగా పోయండి. తడిగా ఉండి కూడా వాడుతుంటే వేరు దెబ్బతిందన్నమాట, నీళ్లు ఆపేయండి.