గోల్ కొట్టని స్ట్రైకర్ మీద లొల్లి పెట్టుకునే ముందు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మేము ఛాయ్ తాగే హోటల్‌లో క్రికెట్ మాట్లాడేవాళ్లు ఇరవై మంది ఉంటే ఫుట్‌బాల్ మాట్లాడేది ఐదుగురం, అందులో ఒకడు కేవలం ఉస్మానియా బిస్కెట్ల కోసం వస్తాడు. లొల్లి మాత్రం మాదే ఎక్కువ. ఆ లొల్లి కూడా ప్రతిసారీ ఒకే రకం స్ట్రైకర్ మీద, అంటే ముందు వరసలో గోల్ కొట్టడానికే ఉన్నవాడి మీద. తొంభై నిమిషాలు ఊపిరి తీసుకోకుండా ఉరుకుతాడు, డిఫెండర్ల వెంటపడతాడు, ఎదుటివాళ్లకు కార్నర్ వస్తే వెనక్కొచ్చి తలతో కొట్టి బంతిని బయటికి పంపుతాడు, అన్నీ చేస్తాడు, ఖాళీ గోల్ ముందు బంతి కాళ్ల దగ్గరికొస్తే మాత్రం స్టాండ్స్‌లోకి లేపుతాడు.

"ఊకె ఉరికితే అయితదారా, గోల్ ఏది?" అంటాడు మా బావ. "ఆయన ఉరకకపోతే మిగిలినోళ్లకు సందెక్కడిది బావా?" అంటాను నేను. మూడేళ్లుగా ఇద్దరిదీ ఇదే పాట. పోయిన సీజన్‌లో ఇద్దరికీ విసుగొచ్చి ఒక పద్ధతి పెట్టుకున్నాం. అది కాస్త పని చేస్తోంది కాబట్టి రాస్తున్నాను, మిర్యాలగూడలోనో దేవరకొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మీ దగ్గరా ఇదే పంచాయితీ నడుస్తుంటే వాడుకోండి.

ముందు, ఏ పంచాయితీ తెంపుతున్నారో తేల్చుకోండి. "వాడు వేస్ట్" అనే ఒక్క మాటలో మూడు ప్రశ్నలు ఇరుక్కుని ఉంటాయి. వచ్చే మ్యాచ్‌లో వాణ్ని దింపాలా వద్దా, క్లబ్ పోసిన డబ్బుకు తగినవాడా కాడా, నాకు వాడంటే ఇష్టమా కాదా. బావ రెండోది అడుగుతుంటే నేను మొదటిదానికి జవాబు చెబుతుంటాను, పక్కవాడు మూడోదాని మీద కోపం తెచ్చుకుంటాడు. కోట్లు పోసి కొన్నది తప్పే కావచ్చు, అయినా ఈ శనివారం బెంచ్ మీద అంతకంటే మంచివాడు లేకపోతే దింపాల్సింది వాణ్నే. రేటు సంగతి సంతకం పెట్టినవాళ్లను అడగాలి గానీ బూట్లు వేసుకున్నవాణ్ని అడిగి ఏం లాభం.

ఇక అసలు విషయం. మన జిల్లాలో బోరు వేయించిన ఇంటికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు రావడం లేదంటే పాయింటే తప్పు పెట్టి ఉండాలి, లేదంటే కింద నీళ్లున్నా మోటరు ఎత్తిపోయడం లేదు. మోటరైతే విప్పి బాగు చేయించుకోవచ్చు. పాయింటే తప్పయితే ఎంత హెచ్‌పీ మోటరు దించినా వచ్చేది గాలే. స్ట్రైకర్‌ను కూడా ఇట్లాగే చూడండి: వాడికి ఛాన్సులు వచ్చి పోతున్నాయా, అసలు రావడమే లేదా? వచ్చి పోగొట్టేవాడికే తిట్లన్నీ పడతాయి, ఎందుకంటే పోగొట్టినవి అందరికీ కనిపిస్తాయి, రీల్స్‌లో తిరుగుతాయి. ఛాన్సే రానివాడు మ్యాచంతా ఎక్కడున్నాడో తెలియదు, వాడికి ఒక్క తిట్టూ పడదు. నన్నడిగితే భయపడాల్సింది ఆ రెండోవాడి గురించే.

అప్పట్లో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌కు స్ట్రైకర్‌గా ఆడిన డార్విన్ నునెజ్‌ను తీసుకోండి. 2024 జనవరి 31న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీతో ఆట, మనకు అప్పటికే అర్ధరాత్రి దాటి ఫిబ్రవరి 1. ఆ ఒక్క మ్యాచ్‌లో అతను కొట్టినవి నాలుగుసార్లు పోస్టుకో బార్‌కో తగిలాయి, అందులో ఒకటి పెనాల్టీ. నేను దుప్పటి కప్పుకుని ఫోన్‌లో చూస్తున్నాను, నాలుగోసారి తగిలినప్పుడు బావ నుంచి ఒక్క నవ్వు బొమ్మ వచ్చింది, మాట కూడా లేదు. కానీ లివర్‌పూల్ 4-1తో గెలిచింది, లూయిస్ డియాజ్ కొట్టిన నాలుగో గోల్‌కు బంతి అందించింది నునెజే. ఆ సీజన్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అతనివి 11 గోల్స్, 8 అసిస్టులు, అంటే పక్కవాళ్ల గోల్స్‌కు అందించిన పాస్‌లు. నీళ్లున్న బోరు అది. మోటరే అప్పుడప్పుడు మొరాయిస్తుంది.

ఛాన్సుల లెక్క కోసం ఎక్స్‌జీ అని ఒకటుంది, ఫాట్‌మాబ్, సోఫాస్కోర్ లాంటి యాప్‌లలో మ్యాచ్ అయిపోగానే కనిపిస్తుంది. పేరు చూసి బెదరకండి. అట్లాంటి చోటు నుంచి, అట్లాంటి కోణంలో, కాలితోనో తలతోనో ఇంతకుముందు కొట్టిన షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయన్నదే ఆ అంకె. పెనాల్టీలు నూటికి 75 నుంచి 80 దాకా లోపలికి పోతాయి కాబట్టి ఒక పెనాల్టీ విలువ ముప్పావు గోల్‌కు కొంచెం పైన. గోల్ ముందు గీసిన పెద్ద పెనాల్టీ బాక్స్ బయట నుంచి పీకే షాట్‌కు అందులో పిసరంత. మీవాడి ఎక్స్‌జీ సీజన్‌లో 12 ఉండి గోల్స్ 7 ఉంటే మోటరు సమస్య. ఎక్స్‌జీ కూడా 4 దగ్గరే ఆగితే పాయింట్ సమస్య, అప్పుడు మిడ్‌ఫీల్డ్ నుంచి బంతి వస్తుందా లేదా అని కూడా చూడాలి, పాపం అన్నీ వాడి నెత్తిన రుద్దకుండా. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీ పట్టుకుని మాత్రం ఎవరితోనూ వాదించకండి, అది మా పక్కింటాయన ఒకరోజు వానకు ఏడాది పంట లెక్కేసినట్టుంటుంది.

అంకెలతో తేలనిది కళ్లతో తేల్చాలి. దీనికి కాగితం కావాలి, పాత నోట్‌బుక్ పేజీ చాలు. మ్యాచ్‌లో ఒక పావుగంట ఎంచుకుని బంతిని వదిలేసి వాణ్నే చూడండి. టీవీలో కష్టం, కెమెరా బంతి వెంటే పోతుంది, అందుకే త్రో ఇన్‌లు, గోల్ కిక్‌లు, బంతి గుంజుకుని వెంటనే ఎదురుదాడికి ఉరికే క్షణాలు పట్టుకోవాలి. కాగితం మీద నాలుగు గడులు గీయండి. గోల్ ముందు మంచి చోటికి సమయానికి చేరితే మొదటి గడిలో ఒక గీత, బంతి వచ్చినా రాకపోయినా సరే. షాట్ కొడితే రెండో గడిలో, ఎక్కడి నుంచో ఒక చుక్కతో. వాడి వల్ల పక్కవాడికి సందు దొరికినా, ఎదుటివాళ్ల నుంచి బంతి మనకు వచ్చినా మూడో గడిలో. కాళ్ల దగ్గరికి వచ్చిన బంతి చేజారితే నాలుగో గడిలో. అంతే. మా బావ మొదటిరోజు నాలుగో గడి ఒక్కటే నింపి నా ముందు పెట్టాడు, ఆయన పద్ధతి ఆయనది.

మూడో గడి దగ్గరే నిజమైన కొట్లాట జరుగుతుంది, అక్కడ మనం స్ట్రిక్ట్‌గా ఉండాలి. "కష్టపడతాడు" అన్న మాట ఒంటరిగా వస్తే ఒప్పుకోవద్దు. నా పార్టీవాళ్లు చేసే తప్పు ఇదే, చెమట చూపించి మార్కులు అడుగుతారు. ఎండలో తిరిగినంత మాత్రాన ఎవరూ కూలి ఇవ్వరు కదా, నాట్లు ఎన్ని మళ్లు పడ్డాయో చూస్తారు. గోల్‌కీపర్ మీదికి తిన్నగా ఉరికి, ఆయన పక్కకు ఒక పాస్ ఇవ్వగానే ఆగిపోయేవాడిది ఉత్త ఉరుకుడు. కొంచెం వంపు తిరుగుతూ పోయి ఒకవైపు దారి మూసేసి, డిఫెండర్‌ను రెండోవైపు, మనవాళ్లు కాచుకుని ఉన్న చోటికే ఆడేలా చేసేవాడిది పని. చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఆ తర్వాత ఐదు సెకన్లలో బంతి ఎవరి దగ్గరుందన్నదే.

ఈ పనిలో నేను చూసినవాళ్లలో ఫర్మినో మేటి. 2019-20లో లివర్‌పూల్ 99 పాయింట్లతో లీగ్ గెలిచింది, సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరస నడుమ ఆడిన ఫర్మినో లీగ్ గోల్స్ 9 మాత్రమే, సొంత మైదానంలో ఒకే ఒక్కటి, అదీ జులైలో చెల్సీ మీద. అతని రెండు పక్కలా ఆడిన సలా 19, మానే 18 కొట్టారు. బావ ముందు ఈ అంకెలు పెడితే కాసేపు ఆగి, "సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది" అన్నాడు. ఆ రోజుకు దాన్ని గెలుపుగా రాసుకున్నాను.

వెర్నర్ ఇంకో రకం. జర్మనీలో లైప్‌జిగ్‌కు 2019-20లో 28 లీగ్ గోల్స్ కొట్టి చెల్సీకి వచ్చినవాడు మొదటి సీజన్ లీగ్‌లో 6 దగ్గర ఆగిపోయాడు. 2021 మే 29న చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో కూడా ఛాన్సులు పోగొట్టాడు. అదే ఫైనల్‌లో చెల్సీ ఆటగాడు మౌంట్ గోల్‌కు పాస్ ఇచ్చే ముందు వెర్నర్ పక్కకు ఉరికి మాంచెస్టర్ సిటీ డిఫెండర్ రూబెన్ డియాస్‌ను తనతో గుంజుకుపోయాడు, ఆ ఖాళీలోంచి హావర్ట్జ్ వెళ్లి కొట్టిన ఒక్క గోల్‌తో చెల్సీకి కప్ వచ్చింది. హైలైట్స్‌లో వెర్నర్ ఫ్రేమ్ చివర ఎక్కడో ఉంటాడు. హైలైట్స్ మాత్రమే చూసి వాదించేవాడితో అందుకే నేను మాట్లాడను, ఛాయ్ డబ్బులు వాడే ఇస్తానంటే తప్ప.

అన్నిటికంటే ఎక్కువ వాడే పేరు ఒలివియర్ జిరూ, ఎక్కువ తప్పుగా వాడేదీ ఆ పేరే. 2018 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ సెంటర్ ఫార్వర్డ్, 546 నిమిషాలు ఆడాడు, గోల్స్ సున్నా. గోల్స్ సంగతి అటుంచండి, గోల్ వైపు తిన్నగా పోయిన షాట్ కూడా ఒక్కటి లేదు. ఫ్రాన్స్ క్రొయేషియాను 4-2తో ఓడించి కప్ ఎత్తుకుంది. మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రేలియా మీద కోచ్ దెషాం అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు, ముందు వరసలో గ్రీజ్‌మన్, ఎంబాపె, డెంబెలే. ఆట కుదరలేదు. జిరూ దిగాక పోగ్బాకు అతను తిరిగి ఇచ్చిన బంతి నుంచే గెలుపు గోల్ పుట్టింది. తర్వాత పెరూ మీద అతని షాట్ డిఫెండర్‌కు తగిలి ఎంబాపె ముందు పడింది, గోల్. అర్జెంటీనా మీద ఎంబాపె రెండో గోల్‌కు పాస్ జిరూదే.

ఇక్కడే ఆగి ఆలోచించండి. జిరూ గోల్స్ లేకున్నా నడిచింది ఎందుకంటే పక్కన ఎంబాపె, గ్రీజ్‌మన్ కొడుతున్నారు. మీ టీమ్‌లో మిగతా ఎవరికీ గోల్స్ లేకుండా మీవాణ్ని జిరూతో పోల్చితే బావలాంటివాడు ఒక్క ప్రశ్నతో మిమ్మల్ని పడుకోబెడతాడు: "వీడు సందు చేస్తుండు సరే, ఆ సందులోకి పోయేటోడెవడు?" దీనికి జవాబు లేనప్పుడు ఓడిపోయామని ఒప్పుకోవడమే మర్యాద. ఇంకోటి కూడా, జిరూ గోల్ కొట్టడం రానివాడేమీ కాదు, 2022 కప్‌లో 4 కొట్టాడు, 2024లో ఫ్రాన్స్ టీమ్ నుంచి తప్పుకునేనాటికి మొత్తం 57తో ఆ దేశం తరఫున అందరికంటే ముందున్నాడు.

ఎన్నాళ్లు ఓపిక పట్టాలి? కబడ్డీ చూసేవాళ్లకు తెలుసు, వరసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే అవుట్. ఫుట్‌బాల్‌లో అట్లాంటి రూల్ లేదు కాబట్టే ఇన్ని మాటలు. నా లెక్క, మంచి చోట్లకు చేరుతున్నవాడికి సీజన్ మొత్తం ఇవ్వొచ్చు. మొదటి గడి పది మ్యాచ్‌లుగా ఖాళీగా ఉన్నవాడికి ఎంత చెమట కారినా బెంచే. బావ లెక్క ఐదు మ్యాచ్‌లు, దేనికైనా ఐదే, ఆయన వరి నారుకు కూడా అంత టైమ్ ఇవ్వడు.

మన దేశం సంగతి వస్తే వాదన కొంచెం మారుతుంది. సికింద్రాబాద్‌లో పుట్టిన ఇండియా కెప్టెన్, స్ట్రైకర్ సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో కువైట్‌తో 0-0 మ్యాచ్ ఆడి రిటైర్ అయ్యాడు, 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించుకున్నారు, గోల్ కొట్టేవాళ్లు లేక. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బులు ఎక్కువగా ముందు విదేశీ స్ట్రైకర్‌నే పెట్టుకుని మన పిల్లల్ని అంచులకు తోస్తాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్ గెలిచిన 2021-22లో నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే ఒక్కడే 18 కొట్టాడు. మ్యాచ్‌కు పాతిక నిమిషాల చొప్పున దిగే ఇండియన్ స్ట్రైకర్‌ను గోల్స్ అడిగే ముందు వాడు ఆడిన నిమిషాలు లెక్కపెట్టండి, తొంభై నిమిషాలకు ఎన్ని అని చూడండి.

చివరగా, వాడు టీవీలో కాకుండా మీ టీమ్‌లోనే ఉంటే. పొద్దున గ్రౌండ్‌లో ఆడే మా టీమ్‌కూ ఒకడున్నాడు, డిగ్రీ సెకండియర్, గుర్రం లెక్క ఉరుకుతాడు. నేను చేసిన తప్పు, పోయిన ఏడాది ఒక టోర్నమెంట్‌లో ప్రతి మిస్‌కూ లైన్ బయట నుంచి అరిచాను. మూడో మ్యాచ్‌కల్లా ఆ పిల్లాడు బంతి రాగానే కొట్టడం మానేసి పక్కవాడి కోసం చూడటం మొదలుపెట్టాడు. అరవకండి. వాడు ఎందుకు పోగొడుతున్నాడో చూస్తే చాలాసార్లు కాలు తప్పు కాదు, పెనాల్టీ స్పాట్ దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోయి ఉంటుంది, అరవై గజాలు ఉరికొచ్చి కొట్టే షాట్ ఎవరికైనా పైకే లేస్తుంది. వెనక్కొచ్చి డిఫెన్స్ చేసే పని సగం తగ్గించండి. ప్రాక్టీస్‌లో దూరం నుంచి ఆపిన బంతిని కొట్టించడం మాని, ఆరు గజాల లోపల, కదులుతూ, ఒక్క టచ్‌తో, రోజుకు నలభై కొట్టించండి, చివరి పది బాగా ఉరికించి ఆయాసపడుతున్నప్పుడు. పక్కన ఇంకొకణ్ని పెట్టండి, మిగిలిపోయిన బంతుల కోసం.

మేము అట్లాగే చేశాం. పోయిన ఆదివారం వాడు కొట్టింది మళ్లీ పోస్టుకే తగిలింది, తిరిగొచ్చిన బంతిని పక్కన పెట్టినవాడు లోపలికి తోశాడు. బావ కాగితం పట్టుకుని ఇది రెండో గడిలోకి వస్తదా మూడో గడిలోకి వస్తదా అని అడిగాడు. నేను రెండింట్లోనూ వేయమన్నాను. అట్లెట్లంటవ్ అని మొదలుపెట్టాడు, రెండు ఛాయ్‌లు అయ్యాయి, ఇంకా తెగలేదు.