విత్తనాల వారం: ఒకే గదిలో ఐదు తరగతులున్న పల్లె బడిలో ఎలా నడపాలి?

భీమిలి, పద్మనాభం, ఆనందపురం వైపు పల్లె బడిలో ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలంతా ఒకే గదిలో కూర్చుంటే, తరగతికో పాఠం పెట్టుకున్న టీచరుకు రోజంతా పరుగే. వారమంతటికీ ఒకే విషయం తీసుకుని, పనిని మాత్రం వయసును బట్టి పంచితే బండి నడుస్తుంది. విత్తనాలు ఇందుకు బాగా పనికొస్తాయి. టైంటేబుల్ మనం వెయ్యక్కర్లేదు, గింజే వేస్తుంది. జూలై, ఆగస్టుల్లో అయితే ఊళ్లోనూ విత్తే రోజులే.

ముందు వారమే సమకూర్చుకోవాల్సినవి (24 మందికి)

పొట్టు తీయని గుండ్రటి పెసలు పావుకిలో, చోళ్లు (రాగులు) ఒక గిద్దెడు, పచ్చి వేరుశనగ కాయలు పావుకిలో, కొబ్బరి చిప్పలు 12, లీటరు నీళ్ల సీసాలు 3, పాత నూలు గుడ్డ, మేకు, గోనెసంచి. చిప్పల్లో కన్నులున్న సగాన్నే తీసుకోండి. మూడు కన్నుల్లో ఒకటి మెత్తగా ఉంటుంది. మేకుతో పొడిస్తే నీళ్లు దిగే దారి అయిపోతుంది. కన్నుల్లేని సగానికి చిల్లు పెట్టబోతే చిప్ప పగులుతుంది. లోపలి కొబ్బరి పూర్తిగా గీకెయ్యాలి, లేకపోతే చీమలు పట్టేస్తాయి.

సోమవారం: ఏరడం, పేర్లు

ఒక్కొక్కరిని ఇంటి నుంచి మూడు రకాల గింజలు తెమ్మనండి. అవి పిల్లల చేతుల్లోకి వెళ్లకముందే మీరు ఒకసారి చూడాలి. అందంగా ఉన్నాయని గురివింద గింజలూ, పెరట్లో దొరికాయని ఆముదం గింజలూ తెస్తారు. రెండూ గట్టి విషాలు. ఎరుపో గులాబీ రంగో పూసిన వేరుశనగ, మొక్కజొన్న విత్తనాలు మందు కలిపినవి. ఇవన్నీ పక్కన పెట్టి చేతులు కడిగించండి.

ఒకటో తరగతి వాళ్లు గింజలు ముక్కులో దూర్చుకుంటారు. పది లెక్కపెట్టి ఇచ్చి, పదీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. లెక్కకు లెక్క, జాగ్రత్తకు జాగ్రత్త. రెండు, మూడు తరగతులు రంగు, సైజు చూసి కుప్పలు పోస్తారు. నాలుగు, ఐదు వాళ్లు పేర్ల పట్టిక రాస్తారు. పుస్తకంలో రాగులు, ఇంట్లో చోళ్లు, పుస్తకంలో సజ్జలు, ఇంట్లో గంటెలు, అలసందలు, బొబ్బర్లు. బోర్డు మీద రెండు పేర్లూ రాయండి. ఇంటి పేరును కొట్టేసి పుస్తకం పేరు రాయించడం మాత్రం వద్దు, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు.

ఉదయం తొమ్మిదింటికి గుప్పెడు పెసలు నానబెట్టి, బడి వదిలే ముందు నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టండి. రాత్రంతా నీళ్లలోనే వదిలేస్తే ఈ ఉక్కకు పులిసి వాసనొస్తాయి.

మంగళవారం: విత్తడం

మూట విప్పేసరికి పెసలు ముక్కు బయటపెట్టి ఉంటాయి. నాలుగు జట్లు, జట్టులో ఆరుగురు, పెద్దా చిన్నా కలిపి. జట్టుకు మూడు చిప్పలు: ఒకటి వెలుగులో తడిగా, ఒకటి తడిపి కుండ కింద చీకట్లో, మూడోది ఎండు మట్టిలో నానబెట్టని పెసలతో. చిప్పకు ఐదు గింజలు. ఒకటే వేస్తే, అది రాకపోతే గింజది తప్పో నీళ్లది తప్పో తేలదు. లోతు సగం వేలిగోరంత చాలు. చోళ్లు, వేరుశనగ విడిగా వేరే డబ్బాల్లో. చోళ్ల మీద మట్టి ఊరికే చల్లాలి. లోతుగా పడితే అంత చిన్న గింజ పైకి రాలేదు.

మొలకలు చచ్చేది ఎక్కువగా ప్రేమ వల్లే. ఆరుగురూ ఆరుసార్లు నీళ్లు పోస్తారు, గాలాడక గింజ కుళ్లిపోతుంది. జట్టుకు ఒక్కరినే నీళ్లకు పెట్టండి: పూటకు రెండు చెంచాలు.

బుధవారం: గిద్ద, సోల, తవ్వ

ఊళ్లో ఎవరింట్లోనైనా పాత కొలతలుంటాయి, అడిగి తెప్పించండి. ఎండు ఇసుకతో పోయిస్తూ పిల్లలతోనే కనిపెట్టించాలి: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అయితే కుంచానికి ఎన్ని గిద్దలో ఐదో తరగతి వాళ్లు చెప్పాలి (64). లెక్క కుదరలేదంటే ఒకరు తలగొట్టి, ఇంకొకరు రాశిగా పోసి ఉంటారు. ముందే ఒప్పందం చేసుకోండి.

గురువారం: మట్టి

సీసాలను సగానికి కోసే పని మీరే చెయ్యండి. మూతి సగానికి గుడ్డ కట్టి, కింది సగంలో తలకిందులుగా నిలబెట్టండి. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో ఎర్రమట్టి, మరోదాంట్లో చెరువు మట్టి, గ్లాసుడు చొప్పున. తలా గ్లాసుడు నీళ్లు పోసి ఐదు నిమిషాలయ్యాక కిందికి ఎంత దిగిందో చూడాలి. ఇసుకలోంచి ముందు దిగాలి, చెరువు మట్టిలోంచి చివర. తిరగబడిందంటే చెరువు మట్టి గడ్డలుగా ఉండి సందుల్లోంచి నీళ్లు జారాయని అర్థం. పొడి చేసి, కొంచెం తడిపి మళ్లీ చెయ్యండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం మట్టి తేవద్దు, అది కాపాడుకోవాల్సిన భూవారసత్వం. పొలం గట్టున దొరికేది చాలు.

శుక్రవారం

మొలిచినవి లెక్కపెట్టడం, బొమ్మ వేయడం, మూడు వాక్యాలు రాయడం. చిన్నవాళ్లు చెబితే పెద్దవాళ్లు రాస్తారు.

శనివారం: కొలవడం

చీకటి చిప్పలోవి వెలుగులోవాటి కంటే పొడుగ్గా, పాలిపోయి ఉంటాయి. పొడుగైనదే బలమైనదని పిల్లలు వాదిస్తారు. వెంటనే సరిదిద్దకండి, కుండ తీసేసి సోమవారం దాకా ఉంచి చూడమనండి. స్కేలుతో కొలిచేటప్పుడు తప్పు దాదాపు ఒకేచోట జరుగుతుంది: అంచు నుంచో, ఒకటి నుంచో మొదలుపెడతారు. చాలా స్కేళ్లలో సున్నా అంచు మీద ఉండదు. ముందు సున్నా మీద వేలు పెట్టించండి.

మిగిలిన పెసలు శుక్రవారమే నానబెట్టి ఉంటే వంటమ్మ గుగ్గిళ్లు చేసి పెడుతుంది. చిప్పల్లోవి తిననివ్వకండి.

ఆదివారం నీళ్లు పోసేవాళ్లుండరు. తడిపిన గోనెసంచి మీద చిప్పలు పేర్చి, తలుపు వేసే గదిలో కిటికీ పక్కన పెట్టండి. వరండాలో వదిలితే సోమవారానికి కోళ్లు మిగల్చవు.