ఈస్ట్ క్రోమోజోములో ప్లాస్మిడ్‌ను ఎలా అతికించగలిగాము – నా అనుభవం

శ్రీకాకుళంలో నేను పనిచేసే చిన్న ప్రయోగశాలలో, ప్లాస్మిడ్ (వలయాకారపు చిన్న డీఎన్ఏ) ఎక్కించిన ఈస్ట్ కణాలను యూరాసిల్ (కణాల పెరుగుదలకు కావలసిన ఒక పదార్థం) లేని పళ్లాలపై పరిస్తే, కాలనీలు ఒకటీ అరా తప్ప మొలవలేదు. మా ప్లాస్మిడ్‌కు ఈస్ట్ కణంలో సొంతంగా ప్రతులు తీసుకునే సామర్థ్యం లేదు కనుక, అది క్రోమోజోములో చేరితేనే తరువాతి తరాల కణాలలో నిలుస్తుంది. దానిలోని యూఆర్ఏ3 జన్యువుకూ (కణం యూరాసిల్‌ను తానే తయారుచేసుకోవడానికి కావలసిన జన్యువు), క్రోమోజోములో ఉన్న అదే జన్యువు పనిచేయని ప్రతికీ మధ్య ఒక్క వినిమయం (డీఎన్ఏ ముక్కల మార్పిడి) జరిగితే ప్లాస్మిడ్ మొత్తం లోపలికి చేరుతుంది. అయితే తెగని వలయానికి ఆ అవకాశం చాలా తక్కువ.

తెగిన డీఎన్ఏ కొసలు తమను పోలిన వరుసను వెతుక్కుని అక్కడే అతుక్కుంటాయని ఓర్-వీవర్, షోస్టాక్, రోత్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1981లో చూపారు. అందుచేత యూఆర్ఏ3 లోపల కోసే స్టు-1 ఎంజైముతో ప్లాస్మిడ్‌ను తెంచి, డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే అగరోజ్ జెల్‌పై ఒకే పట్టీ కనిపించిన తరువాతనే కణాలలోకి పంపాము. ఈ కోత ఆ జన్యువులోనే పడడం అన్నింటికన్నా ముఖ్యం. ప్లాస్మిడ్‌లోనే ఉన్న, బ్యాక్టీరియాకు చెందిన యాంపిసిలిన్ నిరోధక జన్యువులో పడితే ఆ కొసలకు క్రోమోజోములో జోడీ ఉండదు. యూఆర్ఏ3ను పూర్తిగా తొలగించిన ఈస్ట్ రకం కూడా ఈ పనికి రాదు. 30 డిగ్రీల వద్ద ఉంచిన పళ్లాలు ఈసారి కాలనీలతో నిండాయి, ఎంతో సంతోషం కలిగింది.

ఒక ప్రైమరు (ప్రతి తీయడం మొదలయ్యే చోటును గుర్తించే చిన్న డీఎన్ఏ ముక్క) క్రోమోజోముపై, మరొకటి ప్లాస్మిడ్‌పై పెట్టి చేసిన పీసీఆర్‌తో (ఆ రెండింటి మధ్య డీఎన్ఏకు ఎన్నో ప్రతులు తీసే పద్ధతి) అతుకును నిర్ధారించుకున్నాము. చేరిన ప్లాస్మిడ్‌కు ఇరువైపులా ఒకే వరుస ఉండడం వలన అది అప్పుడప్పుడు ఊడిపోగలదు. కాబట్టి ఆ కాలనీలను యూరాసిల్ లేని మాధ్యమంలోనే పెంచుతున్నాము.