ఓజోన్ పొర కబుర్లు నిజమో కాదో తేల్చుకోవడం ఎలా

"ఓజోన్ చిల్లు ఒట్టి పుకారు" అని ఎవరైనా అంటే వెంటనే వాదనకు దిగకండి. ముందు ఏ ఎత్తులోని ఓజోన్ గురించి మాట్లాడుతున్నారో అడగండి. నేల దగ్గరిది కాలుష్యం, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి మనల్ని కాచేది సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ రెంటినీ కలిపేస్తేనే సగం గందరగోళం. చిల్లు అన్నా అక్కడ బొత్తిగా ఓజోన్ లేదని కాదు, 220 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ ఎంత ఉందో చెప్పే కొలమానం) కంటే పలచబడిన ప్రాంతాన్ని అలా పిలుస్తారు.

తర్వాత, కొలతలు అడగండి. ఓజోన్‌ను పలచబరిచేది సీఎఫ్‌సీల (ఒకప్పుడు ఫ్రిజ్‌లు, స్ప్రేల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ వాయువుల) నుంచి వచ్చే క్లోరిన్. "సీఎఫ్‌సీలు గాలికంటే బరువు, అంత పైకి ఎలా వెళతాయి?" అన్నది బాగా తిరిగే ప్రశ్న. గాలి కలియబెడుతూనే ఉంటుంది కాబట్టి బరువు అడ్డు కాదు, పైగా బెలూన్లు, విమానాలు పంపి తెచ్చిన నమూనాల్లో అవి దొరికాయి. అక్కడితో ఆ వాదన అయిపోయినట్టే.

"ఆ క్లోరిన్ అగ్నిపర్వతాలదే, సీఎఫ్‌సీలది కాదు" అనే వాదన మాత్రం కాస్త ముదురు, దీనికి ఓపిక కావాలి. అగ్నిపర్వతాల నుంచి క్లోరిన్ వస్తుంది, నిజమే, కానీ అది చాలావరకు నీళ్లలో కరిగి వానతో కిందికి దిగిపోతుంది. సీఎఫ్‌సీలు అలా కరగవు, పైకెళ్లి అతినీలలోహిత కిరణాలకు విడిపోయి క్లోరిన్‌తో పాటు ఫ్లోరిన్‌నీ వదులుతాయి. అందుకే ఆ ఫ్లోరిన్‌తో తయారయ్యే హైడ్రోజన్ ఫ్లోరైడ్ సంగతి అడగండి: స్ట్రాటోస్ఫియర్‌లో (ఓజోన్ పొర ఉండే ఎత్తులో) దానికి చెప్పుకోదగ్గ సహజ మూలం లేదు, అయినా అక్కడ అది పెరగడాన్ని ఉపగ్రహాలు కొలిచాయి. అయితే 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఓజోన్ కొంత ఎక్కువే తగ్గింది, ఆ పేలుడు వల్ల పైన ఏర్పడిన గంధకపు తుంపరల మీద, అప్పటికే సీఎఫ్‌సీల నుంచి చేరి ఉన్న క్లోరిన్ మరింత చురుగ్గా పనిచేసింది మరి.

"వాడింది ఉత్తరాన, చిల్లు అంటార్కిటికాలోనా?" అంటే, సీఎఫ్‌సీలు దశాబ్దాల పాటు నిలిచి భూమంతా పరుచుకుంటాయని చెప్పండి. అక్కడి చలికాలంలో దాదాపు మైనస్ 78 డిగ్రీలకు దిగువన ఏర్పడే మేఘాల మీద క్లోరిన్ సిద్ధమై, సెప్టెంబరులో ఎండ తగలగానే ఓజోన్‌ను తినేస్తుంది. 1987లో విమానాలతో కొలిస్తే, క్లోరిన్ ఓజోన్‌ను తినేటప్పుడు పుట్టే క్లోరిన్ మోనాక్సైడ్ పెరిగినచోటే ఓజోన్ పడిపోయి కనిపించింది.

భూమి వేడెక్కడానికి ఈ చిల్లే కారణమన్నా నమ్మకండి, అది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పని. సీఎఫ్‌సీలు కూడా వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టే ఈ పొరపాటు.

చివరగా, ఒక్క ఏడాది బొమ్మ చూపించి "మానిపోయింది" అన్నా, "ఇంకా పెరిగింది" అన్నా ఒప్పుకోవద్దు. 2019లో చిల్లు చిన్నది, 2020లో పెద్దది, రెండింటికీ ఆ ఏటి వాతావరణమే ముఖ్య కారణం. కనీసం ఇరవై ఏళ్ల గ్రాఫ్ అడగండి. సీఎఫ్‌సీల వంటి వాయువులను ఆపించే మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం ఇలాగే అమలైతే అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరేది 2066 ప్రాంతంలోనని 2022 నాటి అంచనా.