చిన్న తరగతుల పిల్లలకు పోలికల భాష నేర్పడం ఎలా?

"చెల్లి అలిగి మూతి ముడుచుకుంది" అనగలిగిన పిల్లవాడికి జాతీయం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, దాన్ని వాడటం వాడికి వచ్చు. రానివి రెండు. అలాంటి మాట ఎలా పనిచేస్తుందో పట్టుకోవడం ఒకటి, తనంతట తాను అలాంటిది ఒకటి పుట్టించడం మరొకటి. అలంకారాల పేర్లూ లక్షణాలూ బట్టీ పట్టిస్తే ఈ రెండూ రావు. అందుకే ఈ పద్ధతిలో పేర్లు చిట్టచివర వస్తాయి.

ఇది మూడు, నాలుగు, ఐదు తరగతులకు, అంటే సుమారు 8 నుంచి 10 ఏళ్ళ పిల్లలకు. 40 నిమిషాల పీరియడ్లు 12 కావాలి. వారానికి మూడు చొప్పున నెల రోజులు నడపండి. రోజూ వరసగా చేస్తే పిల్లలకు ఇంట్లోనూ బయటా ఆ మాటలు విని పట్టుకొచ్చే వ్యవధి ఉండదు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పోస్టుకార్డంత అట్టముక్కలు 40, నాలుగు నిలువు గడులు గీసిన పెద్ద చార్టు ఒకటి, మనిషికి నాలుగైదు తెల్లకాగితాలు. వీటితోపాటు 10 పోలికలు, 5 పొడుపుకథలు, 8 జాతీయాలు మీరే ఏరి పెట్టుకోవాలి. అసలు పని ఇదే.

ఏరేటప్పుడు చూడాల్సింది, పోల్చడానికి తెచ్చిన వస్తువు పిల్లలు చూసి ఎరిగినదేనా అని. "తామరాకు మీద నీటిబొట్టులా" చాలా మంచి పోలిక. కానీ తామరాకు ఎన్నడూ చూడని పిల్లకు అది పోలిక కాదు, అర్థం తెలియని ఇంకో కొత్త మాట. అది కావాలనుకుంటే మైనం రాసిన కాగితం మీద నీటిచుక్క వేసి దొర్లించి చూపండి, తర్వాత చెప్పండి. సామెతలు కూడా తీసుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది. కులాన్నీ, వైకల్యాన్నీ, ఆడవాళ్ళనూ కించపరిచేవి వాటిలో తక్కువేం లేవు. తరగతిలో నోరు తిరిగాక వెనక్కి తీసుకోలేరు కాబట్టి ఆ వడపోత ముందే జరగాలి.

1. ఒక మాటకు రెండు బొమ్మలు

కాగితాన్ని నిలువుగా సగానికి మడవమనండి. బోర్డు మీద "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి" అని రాయండి. ఒక సగంలో మాట ఉన్నది ఉన్నట్టు బొమ్మ, ఇంకో సగంలో ఆ మాట అన్నవాళ్ళ ఉద్దేశం. 15 నిమిషాలు ఇవ్వండి. ఎలుకల బొమ్మ సరదా కాబట్టి పిల్లలు దాన్నే చెక్కుతూ కూర్చుని, ఆకలి బొమ్మను రెండు గీతలతో సరిపెడతారు. నేర్చుకోవాల్సింది ఆ రెండోదే. అందుకని ఉద్దేశం బొమ్మ ముందు వేయించి, అది పూర్తయ్యాకే ఎలుకల వైపు వెళ్ళనివ్వండి. ఇలాంటివి మూడు చేస్తే చాలు. నాలుగోదానికి అది బొమ్మల పీరియడ్ అయిపోతుంది.

2. నాలుగు ప్రశ్నలు

వ్యాకరణంలో ఉపమకు, అంటే "లా" లాంటి మాటతో చెప్పే పోలికకు, నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఈ పేర్లు ఇప్పుడే చెప్పకండి. చార్టులోని నాలుగు గడులకు నాలుగు ప్రశ్నలు రాయండి: దేన్ని? దేనితో? ఎందులో? ఏ మాటతో?

"అవ్వ జుట్టు దూదిలా తెల్లగా ఉంది." దేన్ని: జుట్టును. దేనితో: దూదితో. ఎందులో: తెల్లదనంలో. ఏ మాటతో: లా. ఇలా ఐదారు వాక్యాలు అందరూ కలిసి నింపాక, మూడో గడి కనిపించని వాక్యాలు ఇవ్వండి. "చిట్టి మాటలు టపాకాయల్లా ఉన్నాయి." ఎందులో? ఒకరు చప్పుడు అంటారు, ఒకరు ఆగకుండా వరసగా రావడం అంటారు, ఇంకొకరు ఉలిక్కిపడేలా చేయడం అంటారు. మూడూ సరైనవే. కారణం చెప్పగలిగితే ఏ జవాబైనా ఒప్పుకోండి. "ఊరికే, బాగుంది" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఈ నెల మొత్తంలో పిల్లలకు ఒక్క ప్రశ్నే గుర్తుండాల్సి వస్తే అది "ఎందులో?" అన్నదే. తర్వాతి మెట్లన్నీ దానిమీదే నిలబడతాయి.

ఇక్కడ దొర్లే తప్పులు మూడు. మొదటిది "లా" వేట. వాక్యంలో లా కనబడితే పోలికే అనుకుని పిల్లలు గీత గీసేస్తారు. "ఎలా వచ్చావు?", "అలా కూర్చో", "రేపు రావాలా?" అన్నీ వాళ్ళ జాబితాలో చేరిపోతాయి. "వాళ్ళు పిల్లలా?" అన్నది ప్రశ్న, "పిల్లలా ఏడ్చాడు" అన్నది పోలిక. అక్షరాలు ఒకటే. ఈ జంటను బోర్డు మీద పక్కపక్కన రాసి నాలుగు గడులూ నింపమనండి. మొదటిదానికి "దేనితో?" దగ్గరే ఆగిపోతారు, తేడా వాళ్ళకే తెలుస్తుంది.

రెండోది, ఒకే జాతి వస్తువుల పోలిక. "రవి వాళ్ళన్నలా పొడుగ్గా ఉన్నాడు" అన్నది మామూలు సమాచారం. "రవి వెదురులా పొడుగ్గా ఉన్నాడు" అన్నది ఊహ. మనిషిని మనిషితో కొలిస్తే బొమ్మ మారదు. వేరే జాతి వస్తువును తెచ్చినప్పుడే మనసులో కొత్త బొమ్మ కడుతుంది.

మూడోది అరిగిపోయిన పోలికలు. పాలలా తెల్లగా, మంచులా చల్లగా, చక్కెరలా తియ్యగా. తప్పు కాదు గానీ, వాటిలో పిల్లల చూపు లేదు. మందు సులువు: ఏ వస్తువుకైనా మూడు పోలికలు రాయించి, మొదటిది వాళ్ళచేతే కొట్టేయించండి. మొదటిది విన్నది, రెండోది వెతికింది, మూడోదే చాలాసార్లు సొంతం.

3. పొడుపుకథ మీదుగా రూపకం

ఒకటి ఇంకోదానిలా ఉంది అనకుండా, అదే ఇది అనేయడం రూపకం. దాన్ని చెప్పడానికి తెలుగులో పొడుపుకథను మించిన దారి లేదు. పొడుపుకథ అంటే మొదటి గడి దాచేసిన రూపకమే. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." తలుపులు ఉన్నాయి, తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. దేన్ని తలుపులు అన్నారో అది మాత్రం లేదు. పిల్లలు "కళ్ళు" అని అరవగానే ఆపేయకండి, "ఎందులో?" అని అడగండి. రెప్పలకూ తలుపులకూ ఉన్న పోలికలు చార్టు మీద రాయించండి. చప్పుడు కాకపోవడం పోలిక కాదు, తేడా. ఆ తేడాయే జవాబు వైపు దారి చూపిస్తుంది. "గోడ మీద బొమ్మ, గొలుసుల బొమ్మ, వచ్చే పోయేవారికి వడ్డించు బొమ్మ" అన్న తేలు పొడుపును కూడా ఇలాగే విప్పవచ్చు. "వడ్డించు" దగ్గర కాసేపు ఆగండి. కాటును వడ్డన అనడంలోని కొంటెతనం పిల్లలకు భలే నచ్చుతుంది.

తర్వాత ఉపమ నుంచి రూపకానికి. "తమ్ముడు పిడుగులా చురుగ్గా ఉన్నాడు." ఇందులో "లా" తీసేయండి, "చురుగ్గా" తీసేయండి. మిగిలింది: "తమ్ముడు పిడుగు." మళ్ళీ అదే ప్రశ్న. పిడుగు కాలుస్తుంది, చంపుతుంది కూడా కదా, తమ్ముడు అలాంటివాడా? కాదు. పిడుగుకున్న గుణాల్లో ఒకటో రెండో తీసుకుని మిగతావి వదిలేశామని పిల్లలే చెప్పేదాకా ఓపిక పట్టండి.

ఇప్పుడు సొంత పొడుపులు. ఒక వస్తువు ఇచ్చి మూడు సంగతులు రాయించండి: చూడటానికి ఎలా ఉంది, ఏం చేస్తుంది, ఏం చేయదు. వాటిని మనిషికో జంతువుకో అంటించి రెండు వాక్యాలు చేయమనండి. గొడుగుకు ఒక నమూనా: "ఒంటికాలి దొరకు ఎనిమిది ఎముకలు. వానొస్తే ఒళ్ళు విరుచుకుంటాడు, వెలిస్తే ముడుచుకుంటాడు." పక్క బల్లవాళ్ళు రెండు ప్రయత్నాల్లో విప్పలేకపోతే పొడుపులో ఒక సంగతి చేర్చాలి, వినగానే విప్పేస్తే ఒకటి తీసేయాలి. ఈ దిద్దుబాటుకు ఒక పీరియడ్ పూర్తిగా ఇవ్వండి.

4. అతిశయోక్తి, అబద్ధం

"వెయ్యిసార్లు పిలిచాను" అని రాయగానే ఎవరో ఒకరు "అది అబద్ధం కదా?" అంటారు. దాటవేయకండి, మంచి ప్రశ్న. రెండుసార్లు పిలిచి నాలుగుసార్లు పిలిచానంటే అబద్ధం, ఎందుకంటే వినేవాళ్ళు నమ్ముతారు. వెయ్యిసార్లు అంటే ఎవరూ నమ్మరు, చెప్పేవాళ్ళు నమ్మించాలనీ అనుకోరు. విసుగు ఎంతో మాత్రం తెలుస్తుంది. అంటే కొంచెం పెంచితే అబద్ధమయ్యేది, బాగా పెంచితే అలంకారం అవుతుంది. పిల్లలు రాసిన వాక్యాల్లో "ఇది ఎవరైనా నమ్ముతారా?" అన్న ఒక్క పరీక్ష చాలు. "మా సంచి పది కిలోలుంది" తేలిపోతుంది, "మా సంచిలో కొండ ఉంది" నిలుస్తుంది.

5. ప్రాణం లేనివాటికి ప్రాణం

అలగడం, గొణగడం, తొంగిచూడటం, ఆవులించడం, వెక్కిరించడం, తప్పించుకోవడం. ఇలాంటి క్రియలు 20 అట్టముక్కల మీద, వస్తువుల పేర్లు ఇంకో 20 ముక్కల మీద రాయండి. ఒక్కో కట్ట నుంచి ఒకటి తీసి వాక్యం చేయాలి. అన్నీ అతకవు. "పలక ఆవులించింది" అంటే ఎందులో? జవాబు దొరక్కపోతే ముక్క మార్చుకోవచ్చు. "తలుపు గొణిగింది" అంటే కిర్రుమనే చప్పుడు దొరుకుతుంది.

"వాన వచ్చింది", "గడియారం నడుస్తోంది" లాంటివి లెక్కలోకి తీసుకోకండి, వాడి వాడి అవి మామూలు మాటలైపోయాయి. "సూర్యుడు ఉదయించాడు" కూడా అంతే. తెలుగులో సూర్యుడు, చంద్రుడు ముందే పుంలింగం కాబట్టి క్రియ చివర "డు" ఉన్నంత మాత్రాన మనిషిని చేసినట్టు కాదు. "సూర్యుడు దుప్పటి తొలగించాడు" అంటే అప్పుడు.

6. గలగల, తళతళ

దీనికి ఒక పీరియడ్ చాలు. జంటమాటలు ఇచ్చి మూడు కుప్పలు పెట్టించండి. చెవికి వినబడేవి (గలగల, టపటప, కిలకిల), కంటికి కనబడేవి (తళతళ, మిలమిల, నిగనిగ), ఒంటికి తెలిసేవి (గజగజ, చురచుర). మెరుపుకు చప్పుడు లేకపోయినా తళతళ అంటున్నామని గమనిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఏ మాట దేనికి అతుకుతుందో వాడుకే తేలుస్తుంది: కన్నీళ్ళు జలజల, చినుకులు టపటప. సూత్రం వెతకకండి, గట్టిగా చదివించండి.

7. జాతీయాలు

పోలికను విప్పి చూడవచ్చు, చాలా జాతీయాలను అలా విప్పలేం. "ముక్కున వేలేసుకోవడం" కళ్ళకు కట్టే సైగ కాబట్టి ఊహకు అందుతుంది. "చెవిలో పువ్వు పెట్టడం" అంటే మోసగించడమని విడి మాటల నుంచి ఏ పిల్లా రాబట్టలేదు. ఊహకు అందేవాటితో మొదలుపెట్టి, అందనివి చివర్లో ఇవ్వండి.

విడిగా ఇచ్చి అర్థం అడగకండి. నాలుగైదు వాక్యాల్లో పెట్టి ఇవ్వండి: "వీధి మలుపులో కుక్క గుర్రుమంది. రాజు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. ఇంట్లోకి వచ్చి తలుపేసుకునేదాకా వెనక్కి తిరిగి చూడలేదు." రాజు ఏం చేశాడు? ఏ వాక్యం చూసి చెప్పావు? రెండో ప్రశ్నే ముఖ్యం. అర్థం చుట్టుపక్కల వాక్యాల్లోంచి ఏరుకునే అలవాటు దానివల్లే పడుతుంది.

రోజుకు రెండు జాతీయాలు మించవద్దు, ఆ రెండూ ఒకే అవయవానివి కాకూడదు. చెవి పేరుతో చెవిన వేయడం, చెవిన పెట్టడం, చెవులు కొరుక్కోవడం, చెవి కోసుకోవడం అన్నీ ఒకేరోజు చెబితే పిల్లలు కచ్చితంగా కలగాపులగం చేస్తారు. అన్నీ వచ్చాక అవయవాల వారీగా గోడ మీద అతికించండి, అప్పుడది పనికొస్తుంది.

జాతీయంలో మాట మార్చకూడదు. ఇది చెప్పేకన్నా మార్చి చూపితే నవ్వుతూ నేర్చుకుంటారు: "కాళ్ళకు తెలివి చెప్పాడు", "నాసిక మీద వేలు పెట్టుకున్నారు". క్రియ రూపం మాత్రం కర్తనుబట్టీ కాలాన్నిబట్టీ మారుతుంది: చెప్పాడు, చెప్పారు, చెబుతాం. ఏది మారవచ్చో ఏది మారకూడదో రెండు రంగుల సుద్దతో చూపండి. ఎవరితో అనవచ్చో కూడా చెప్పాలి. "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నది అర్థం తెలిసినంత మాత్రాన పెద్దవాళ్ళ దగ్గర వాడే మాట కాదు.

ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలుంటే, ఇదే సంగతిని వాళ్ళ భాషలో ఏమంటారో అడగండి. చాలాసార్లు భావం అక్కడా ఉంటుంది, బొమ్మ వేరుగా ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది మాటను ఉన్నది ఉన్నట్టే తీసుకుంటారు. వాళ్ళను అందరిముందూ ఊహించమని నిలబెట్టకండి. ఒకవైపు మాట, వెనకవైపు సూటి అర్థం ఉన్న అట్టముక్కలు ముందురోజే ఇచ్చేయండి.

వచ్చిందో లేదో చూడటం

"ఇది ఏ అలంకారం?" అన్న ప్రశ్న జ్ఞాపకశక్తిని కొలుస్తుంది. దాని బదులు మూడు పనులు, 30 నిమిషాలు. ఒకటి, "లా" ఉన్న ఆరు వాక్యాల్లో మూడు పోలికలు ఏరడం. రెండు, మూడు రూపకాలకు "ఎందులో?" రాయడం. మూడు, బడి గంట గురించి ఐదు వాక్యాల పేరా. పేరాలో ఒక్కో పోలికకు గరిష్ఠంగా రెండు మార్కులు: సొంతదై, కారణం చెప్పగలిగితే రెండు, అరిగినదైతే ఒకటి, అతకనిదైతే సున్నా.

పేర్లు ఇప్పుడు చెప్పండి. గోడ మీదున్న చార్టుల పైన ఉపమ, రూపకం, అతిశయోక్తి అని రాస్తే పది నిమిషాల పని.

ఈ దశలో కొత్త తలనొప్పి ఒకటి వస్తుంది. పిల్లలు ప్రతి వాక్యానికీ ఒక పోలిక తగిలిస్తారు. పేరాకు రెండు చాలని హద్దు పెట్టి, మిగిలినవి కొట్టేయమనండి. ఏవి ఉంచాలో తేల్చుకోలేకపోతే పేరాను పైకి చదివించండి. వినేవాళ్ళకు ఏ రెండు గుర్తున్నాయో అవి ఉంచమనండి.